పవర్‌పాయింట్ యాడ్-ఇన్ నుంచి ఎంపీ3: ప్రవచనం ఆడియో అసలు ఎక్కడ ఉంటుంది?

మొన్నటి వీడియోలో పారాయణం స్లయిడ్ల నుంచి ఆడియో ఎలా తీయాలో స్క్రీన్ మీద చూపించాం. చూస్తూ చేయడం కష్టం, రాసి పెట్టండి అన్నారు చాలామంది. అందుకే ఈ పోస్ట్. వీడియోలో టైమ్ చాలక వదిలేసినవి కూడా ఇక్కడ కలిపాను.

మన ఉప్పల్, నాచారం వైపు ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఆదివారం సత్సంగం ఉంటోంది. కమ్యూనిటీ హాల్లో టీవీ, దానికి ఒక ల్యాప్‌టాప్, శ్లోకాలు పెద్ద అక్షరాల్లో పవర్‌పాయింట్‌లో. కొన్నిచోట్ల పెద్దవాళ్లు ఓపిగ్గా ఒక్కో స్లయిడ్‌కి తమ గొంతుతో అర్థం కూడా రికార్డ్ చేసి పెడుతున్నారు. పిల్లలకేమో అది ఫోన్‌లో కావాలి. నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో లైన్ 29 కిలోమీటర్లు. ఉప్పల్‌లో ఎక్కినవాడు ఆఫీసు చేరేలోపు ఒక పారాయణం హాయిగా వినేయొచ్చు. కానీ మెట్రోలో నిలబడి స్లయిడ్లు తిప్పుకుంటూ ఎవరు వింటారు? కాబట్టి ఎంపీ3 కావాలి. అక్కడే ఈ పీపీఏఎం గొడవ మొదలవుతుంది.

ముందు సూటిగా జవాబు. పీపీఏఎం అనే ఫైల్‌ని ఎంపీ3గా మార్చడం అనేది ఉండదు. పీపీఏఎం అంటే పవర్‌పాయింట్ యాడ్-ఇన్. అంటే పవర్‌పాయింట్‌కి కొత్త బటన్లు, కొత్త పనులు నేర్పే చిన్న ప్రోగ్రామ్. శ్రుతిపెట్టె తెరిచి చూస్తే లోపల కీర్తన ఉండదు కదా, ఇదీ అంతే. దాంతో పాడతాం, అందులో పాట ఉండదు. ఆఫీస్ 2007 నుంచి ఈ పేరు వచ్చింది. అంతకు ముందు 97 నుంచి 2003 వరకు ఉన్న వెర్షన్లలో దీన్నే పీపీఏ అనేవాళ్లు.

మరి గూగుల్‌లో కొడితే "పీపీఏఎం టు ఎంపీ3", "పీపీఏఎం టు ఓజీజీ" అని బోలెడు సైట్లు వస్తున్నాయి కదా అంటారు. అలాంటి పేజీలు చాలావరకు ఉన్న ఫార్మాట్ల పేర్లన్నీ ఒకదానితో ఒకటి జత చేసి తయారు చేసినవే. లోపల శబ్దమే లేనప్పుడు ఏ సైట్ అయినా ఏం ఇస్తుంది? ఎర్రర్ ఇస్తుంది. లేదంటే స్లయిడ్ మీది అక్షరాలను యంత్రం గొంతుతో చదివించి ఇస్తుంది. లేదంటే "ముందు మా సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అంటుంది. ఈ మూడోదానికి దూరంగా ఉండండి.

80 కేబీ ఫైల్

నాచారం నుంచి ఒక చెల్లెలు మాకు చూపించిన పెన్‌డ్రైవ్ గురించి చెప్తాను, విషయం అంతా అందులోనే ఉంది. వాళ్ల తాతగారు రిటైర్ అయ్యాక విష్ణు సహస్రనామం మీద వ్యాఖ్యానం చెప్పి పెట్టారు. ఒక్కో ఫైల్‌లో 12 శ్లోకాలు, మొత్తం 9 ఫైళ్లు, 108 శ్లోకాలు. శ్లోకానికి ఒక స్లయిడ్, స్లయిడ్‌కి ఇంచుమించు 3 నిమిషాల మాట. ఆయన ఇప్పుడు లేరు. ఇంట్లో ఫోటోలున్నాయి, పెళ్లి వీడియోలో నాలుగు సెకన్లు కనిపిస్తారు. గొంతు మాత్రం ఈ పెన్‌డ్రైవ్‌లోనే ఉంది.

ఆ తొమ్మిది ఫైళ్లతో పాటు పదోది ఒకటి ఉంది. దాని పేరులో కూడా సహస్రనామం అని ఉంది, చివర పీపీఏఎం అని ఉంది. మిగతావన్నీ వేర్వేరు ఫోల్డర్లలో ఉంటే ఇదొక్కటే బయట కనపడింది. పాపం ఆ అమ్మాయి వారం రోజులు దీన్నే ఎంపీ3 చేయాలని కుస్తీ పట్టింది.

సైజు చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. ఆ ఫైల్ 80 కేబీ. మాట వరకైతే ఎంపీ3ని 64 కేబీపీఎస్‌లో చేస్తాం అనుకుందాం. అంటే సెకనుకి 8 కిలోబైట్లు. 80 కేబీలో మహా అయితే 10 సెకన్లు పడుతుంది. 36 నిమిషాల వ్యాఖ్యానం అందులో ఎలా పడుతుంది చెప్పండి? మీ దగ్గరున్న ఫైల్‌లో ఆడియో ఉందో లేదో అనుమానం వస్తే ముందు చేయాల్సిన లెక్క ఇదే.

తాతగారు స్లయిడ్ మారే టైమ్ సెట్ చేసుకోవడానికి ఎవరో ఇచ్చిన యాడ్-ఇన్ అది. ఆయన గొంతు మిగతా తొమ్మిదిట్లో ఉంది. తొమ్మిదిట్లోనూ ఉందా అంటే, ఎనిమిదిట్లో ఉంది. ఆ తొమ్మిదో దాని కథ తర్వాత చెప్తాను.

ఇంకో రకం కూడా జరుగుతుంది. "సేవ్ యాజ్" కొట్టినప్పుడు వచ్చే పొడవాటి జాబితాలో పొరపాటున పవర్‌పాయింట్ యాడ్-ఇన్ అనేదాన్ని ఎంచుకుంటారు. అప్పుడు పవర్‌పాయింట్ మీ ఫోల్డర్ వదిలేసి, యాడ్-ఇన్స్ అనే తన సొంత ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడ సేవ్ చేస్తుంది. "ఫైల్ మాయమైంది" అని కంగారు పడేది అందుకే. అక్కడ వెతకండి. అసలు పీపీటీఎక్స్ ఫైల్ మామూలుగా దాని పాత చోటే ఉంటుంది, దానితో పని చేసుకోండి. అన్నట్టు, విండోస్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు దాచిపెట్టి ఉంటాయి. వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నది ఆన్ చేస్తేనే ఏది పీపీటీఎక్స్, ఏది పీపీఏఎం అన్నది తేలుతుంది.

లోపలికి తొంగి చూడటం

పీపీటీఎక్స్, పీపీటీఎం, పీపీఎస్ఎక్స్, పీపీఏఎం, ఇవన్నీ నిజానికి జిప్ ఫైళ్లే. పైన పేరు వేరు, లోపల మూట ఒకటే. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి "ఓపెన్ ఆర్కైవ్" అనండి. లోపల పీపీటీ అని ఒక ఫోల్డర్, అందులో మీడియా అని ఇంకో ఫోల్డర్ కనిపిస్తాయి. బొమ్మలు, శబ్దాలు, వీడియోలు అన్నీ అక్కడే ఉంటాయి. మీడియా ఫోల్డర్ లేకపోయినా, అందులో బొమ్మలు తప్ప ఏమీ లేకపోయినా, ఆ ఫైల్‌లో ఆడియో లేనట్టే. పీపీఏఎం తెరిస్తే మీకు మామూలుగా కనిపించేది వీబీఏ ప్రాజెక్ట్ అనే ఒక ఫైల్. ప్రోగ్రామ్ అదే.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు బాధపడక్కర్లేదు. ఫైల్‌ని ఒక కాపీ చేసుకుని, ఆ కాపీ పేరు చివర జిప్ అని మార్చండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఫైల్స్ యాప్ దాన్ని విప్పేస్తుంది. కాపీ మీదే చేయాలి సుమా, అసలు దాన్ని ముట్టుకోవద్దు.

ఇలా తెరవడంలో ఇంకో లాభం ఉంది. యాడ్-ఇన్‌లో ఉండేది మాక్రోలు, అంటే మీ కంప్యూటర్ మీద పని చేసే కోడ్. పవర్‌పాయింట్‌లో లోడ్ చేస్తే ఆ కోడ్ నడుస్తుంది. 7-జిప్‌లో తెరిస్తే ఏదీ నడవదు, ఊరికే చూడటమే. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మామూలుగానే ఆపేస్తోంది. పైన ఎర్రగా ఒక పట్టీ కనిపిస్తుంది చూడండి, అదే. "అన్‌బ్లాక్ అని టిక్ పెడితే పోతుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వాట్సాప్ గ్రూపులో "అద్భుతమైన హనుమాన్ చాలీసా ప్రెజెంటేషన్" అని వచ్చిన ఫైల్‌కి మాత్రం ఆ టిక్ పెట్టకండి. చాలీసా వినడానికి మాక్రో అక్కర్లేదు. దేవుడి పేరు పెడితే మనం అనుమానించం అన్న సంగతి మోసగాళ్లకీ తెలుసు.

ఆన్‌లైన్ సైట్‌కి ఎక్కించే ముందు

ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. సత్సంగం స్లయిడ్లలో శ్లోకాలు ఒక్కటే ఉండవు. మొదటి స్లయిడ్ సంకల్పం. అందులో కుటుంబాల పేర్లు, గోత్రాలు, నక్షత్రాలు ఉంటాయి. చివరి స్లయిడ్‌లో అన్నప్రసాదానికి ఇచ్చినవాళ్ల జాబితా, ఫ్లాట్ నంబర్, ఫోన్ నంబర్, ఒక్కోసారి ఎంత ఇచ్చారో కూడా. ఆ ఫైల్ మొత్తాన్ని ఊరూ పేరూ తెలియని కన్వర్టర్ సైట్‌కి ఎక్కించామంటే అపార్ట్‌మెంట్ అందరి వివరాలు వాళ్ల చేతిలో పెట్టినట్టే. మన పేరు మనం ఇచ్చుకుంటే మన ఇష్టం. పక్కింటి ఆంటీ గోత్రం, ఫోన్ నంబర్ ఇచ్చే హక్కు మనకెక్కడిది? పైగా ఈ పనికి ఇంటర్నెట్ అవసరమే లేదు. అంతా మీ కంప్యూటర్‌లోనే అయిపోతుంది.

ఎంపీ3 చేయడం, లేదా చేయకపోవడం

మీడియా ఫోల్డర్ దొరికింది. ఇప్పుడు అందులో ఏముందో చూడండి. కొత్త పవర్‌పాయింట్‌లో స్లయిడ్ మీద రికార్డ్ చేసిన మాట ఎమ్4ఏ రూపంలో ఉంటుంది. పాత వాటిలో వేవ్ ఉంటుంది.

వేవ్ అంటే నొక్కని శబ్దం. సీడీ నాణ్యతలో ఉంటే నిమిషానికి సుమారు 10.6 ఎంబీ. తాతగారి మొత్తం వ్యాఖ్యానం 324 నిమిషాలు, అంటే వేవ్‌లో దాదాపు 3.4 జీబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3లో 311 ఎంబీ. 64 కేబీపీఎస్ మోనోలో 156 ఎంబీ లోపే. ఒక్క మనిషి మాట్లాడే గొంతుకి మోనో చాలు. ఎడమ చెవికీ కుడి చెవికీ వేరే వేరే ఏముంటుంది అందులో?

ఎమ్4ఏ అయితే మాత్రం ఒక్క క్షణం ఆగండి. అది అప్పటికే నొక్కిన ఫార్మాట్. దాన్ని మళ్లీ ఎంపీ3 చేస్తే రెండోసారి నొక్కినట్టు, జిరాక్స్‌ని జిరాక్స్ తీసినట్టు. మీ ఫోన్ ఎమ్4ఏని అలాగే ప్లే చేస్తుంది. వినడం ఫోన్‌లోనే అయితే మార్చకండి, అలాగే ఉంచుకోండి. మా మాట అడిగితే ఇదే మంచి దారి.

ఎంపీ3 నిజంగా కావాల్సిన చోట్లు వేరు. గుడిలో మైక్‌సెట్ యాంప్లిఫైయర్‌కి పెన్‌డ్రైవ్ పెట్టే కన్నం ఉంటుంది, అది చాలాసార్లు ఎంపీ3 తప్ప ఏదీ చదవదు. పాత కారు స్టీరియో, నానమ్మ చేతిలో బటన్ల ఫోన్, ఇవీ అంతే. వీటికోసం మార్చుకోండి.

వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే పని సులువు. మీడియా మెనూలో "కన్వర్ట్ / సేవ్" అని ఉంటుంది. ఫైల్ యాడ్ చేసి, ప్రొఫైల్ దగ్గర "ఆడియో - ఎంపీ3" ఎంచుకుని, ఎక్కడ సేవ్ కావాలో చెప్పి స్టార్ట్ అనండి. బిట్‌రేట్ మీ ఇష్టప్రకారం పెట్టుకోవాలన్నా, ముక్కలు కలపాలన్నా ఆడాసిటీ మంచిది. అదీ ఉచితమే. ఒకప్పుడు ఆడాసిటీలో ఎంపీ3 కోసం లేమ్ అనే ఇంకో ముక్క విడిగా తెచ్చి పెట్టుకోవాల్సి వచ్చేది, పేటెంట్ల వల్ల. ఎంపీ3 లైసెన్సింగ్ 2017లో ముగిసింది. 2019 నుంచి ఆడాసిటీలోనే అది కలిసి వస్తోంది. ఎమ్4ఏ తెరవడానికి మాత్రం విండోస్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ ఇప్పటికీ విడిగా పెట్టుకోవాలి.

కొందరు ఓజీజీ, ఓపస్ గురించి అడుగుతున్నారు. ఓపస్ 2012లో ప్రామాణికంగా వచ్చింది. మాటకైతే తక్కువ సైజులో ఎంపీ3 కన్నా చాలా బాగుంటుంది. వాట్సాప్‌లో మీరు పంపే వాయిస్ మెసేజ్ ఓపస్సే. కానీ గుడి యాంప్లిఫైయర్‌కి ఆ సంగతి తెలియదు పాపం.

వరుస తప్పే ప్రమాదం

ఇది వీడియోలో చెప్పలేదు, కానీ చాలా ముఖ్యం. మీడియా ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు మీడియా1, మీడియా2 అని ఉంటాయి. మీడియా1 అంటే మొదటి స్లయిడ్ అనుకోకండి. ఆ నంబర్లకీ స్లయిడ్ల వరుసకీ సంబంధం ఉండాలని లేదు. ఎవరైనా మధ్యలో ఒక స్లయిడ్ చేర్చినా, ఒకటి మళ్లీ రికార్డ్ చేసినా నంబర్లు అటూ ఇటూ అవుతాయి. దానికి తోడు కొన్ని ప్లేయర్లు మీడియా10ని మీడియా2 కన్నా ముందు పెడతాయి, అక్షర క్రమం కదా.

సినిమా పాటలైతే వరుస మారినా నష్టం లేదు. సహస్రనామంలో 14వ శ్లోకం తర్వాత 31వది వస్తే? చిన్నప్పటి నుంచి వినే పిల్లలు అదే వరుస అని నేర్చేసుకుంటారు. ఒకసారి నోటికి పట్టాక దిద్దడం ఎంత కష్టమో అమ్మానాన్నల్ని అడగండి.

ఏ శబ్దం ఏ స్లయిడ్‌దో తెలుసుకోవడానికి మూట లోపలే దారి ఉంది. స్లయిడ్స్ ఫోల్డర్‌లో రెల్స్ అని ఒక ఫోల్డర్, అందులో స్లయిడ్‌కి ఒక చిన్న ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆ స్లయిడ్ వాడుకున్న మీడియా ఫైల్ పేరు కనిపిస్తుంది. అయితే అక్కడ కూడా స్లయిడ్ ఫైల్ నంబర్, తెర మీద వచ్చే వరుస ఒకటే కాకపోవచ్చు. అసలు వరుస ప్రెజెంటేషన్ అనే ఎక్స్ఎంఎల్ ఫైల్‌లో ఉంటుంది. ఇంత తవ్వడం అందరికీ కుదరదు. సులువైన దారి ఏంటంటే, పవర్‌పాయింట్‌లో ఒక్కో స్లయిడ్ తెరిచి, స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి "సేవ్ మీడియా యాజ్" అనడం. 12 స్లయిడ్లకి పది నిమిషాల పని. సేవ్ చేసేటప్పుడే 01, 02 అని పేరు పెట్టేయండి.

ఇంకా బద్ధకంగా ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో "క్రియేట్ ఏ వీడియో" ఉంది. వరుస తప్పదు, మొత్తం ఒకే ఎంపీ4 వస్తుంది. మనకి బొమ్మ అక్కర్లేదు కాబట్టి తక్కువ నాణ్యత, 480పీ చాలు. "యూజ్ రికార్డెడ్ టైమింగ్స్ అండ్ నరేషన్స్" అన్నదే ఎంచుకోవాలి. ఆ ఎంపీ4ని వీఎల్‌సీలో పైన చెప్పినట్టే ఎంపీ3 చేయొచ్చు. నష్టం ఏంటంటే, శబ్దం మళ్లీ నొక్కబడుతుంది, మాట లేని స్లయిడ్ల దగ్గర 5 సెకన్ల చొప్పున మౌనం వస్తుంది. పెద్దాయన గొంతు దాచుకోవడానికైతే ఈ దారి వద్దంటాను. వచ్చే ఆదివారం సత్సంగానికి అర్జెంటుగా కావాలంటే పర్వాలేదు.

శ, ష, స, ఇంకా విసర్గ

మన దగ్గర ఒక పాత కథ ఉంది, తైత్తిరీయ సంహితలో వస్తుంది. త్వష్ట ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని హోమం చేస్తాడు. ఇంద్రశత్రు అనే మాటలో స్వరం ఉండాల్సిన చోట కాకుండా వేరేచోట పడుతుంది. "ఇంద్రుణ్ణి చంపేవాడు" కావాల్సింది "ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు" అయిపోతుంది. వృత్రుడు అలాగే పోయాడు. పాణినీయ శిక్షలో కూడా దీన్ని ఉదాహరణగా చెప్తారు.

ఇది చెప్పి "ఎంపీ3 చేస్తే మంత్రం చెడిపోతుంది" అని భయపెట్టే మెసేజ్‌లు తిరుగుతుంటాయి. అందులో నిజం తక్కువ. ఉదాత్తం, అనుదాత్తం అన్నవి గొంతు హెచ్చుతగ్గులు. 64 కేబీపీఎస్‌లో నొక్కినా ఆ హెచ్చుతగ్గులు అలాగే ఉంటాయి. పైగా సహస్రనామం మహాభారతం అనుశాసన పర్వంలోది, వేదస్వరాలతో చదివేది కాదు.

చెడేది వేరే చోట. శ, ష, స మధ్య తేడా గొంతులో కన్నా గాలిలో ఎక్కువ ఉంటుంది. ఆ బుసబుస శబ్దం పైస్థాయిలో, ముఖ్యంగా స విషయంలో 4 వేల హెర్ట్జ్ పైన ఎక్కువగా ఉంటుంది. సైజు తగ్గించాలనే ఆత్రంలో శాంపిల్ రేట్‌ని 8,000కి దించారంటే 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. అది లెక్క, తప్పించుకోలేం. సగం శాంపిల్ రేట్ వరకే శబ్దం నిలుస్తుంది. అప్పుడు "సహస్ర"లో స, "విష్ణు"లో ష దాదాపు ఒకేలా వినిపిస్తాయి. కాబట్టి శాంపిల్ రేట్ 44,100 దగ్గరే ఉంచండి, కనీసం 22,050. తగ్గించాలంటే బిట్‌రేట్ తగ్గించండి, అది కూడా మోనోలో 64 కిందికి వద్దు.

రెండోది నాయిస్ రిడక్షన్. నాచారంలో రికార్డ్ చేస్తే వెనకాల లారీ హారన్, పై ఫ్లాట్ మిక్సీ, ఫ్యాన్ చప్పుడు తప్పవు. తీసేయాలనిపిస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్‌కి ఫ్యాన్ గాలికీ విసర్గ గాలికీ తేడా సరిగ్గా తెలియదు. కాస్త గట్టిగా పెడితే నామాల చివర విసర్గలన్నీ తినేస్తుంది. పెద్దాయన మధ్యలో ఊపిరి తీసుకునే చప్పుడు కూడా పోతుంది. నా వరకు ఆ ఊపిరి ఉండాలి, వెనకాల ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా ఉండాలి. అది ఆ ఇంటి శబ్దం. మెట్రోలో వినపడటం లేదంటే ఆడాసిటీలో "లౌడ్‌నెస్ నార్మలైజేషన్" ఉంది, మైనస్ 16 దగ్గర పెడితే ఫైళ్లన్నీ మొత్తం మీద ఒకే స్థాయికి వస్తాయి. విసర్గ జోలికి పోదు.

మూగబోయిన ఫైల్

ఇప్పుడు ఆ తొమ్మిదో ఫైల్ కథ. లెక్కకి అది ఏడోది, 73 నుంచి 84 శ్లోకాలు. తాతగారు అన్నిటికంటే ముందు దాన్నే చేశారట, పవర్‌పాయింట్ 2003లో. పీపీటీ ఫైల్. తెరిస్తే ప్రతి స్లయిడ్ మీద స్పీకర్ బొమ్మ ఉంది, నొక్కితే చప్పుడు లేదు.

కారణం ఇది. పాత పవర్‌పాయింట్‌లో శబ్దం ఫైల్ 100 కేబీ దాటితే దాన్ని స్లయిడ్లలో కలిపేది కాదు, "ఫలానా చోట ఉంది" అని లింక్ మాత్రం పెట్టుకునేది. కావాలంటే ఆ పరిమితి పెంచుకోవచ్చు, కానీ అది ఎవరికి తెలుసు? ఎంపీ3 అయితే ఎంత చిన్నదైనా లింకే. 3 నిమిషాల వేవ్ ఎక్కడ, 100 కేబీ ఎక్కడ! తాతగారు పెన్‌డ్రైవ్‌లోకి పీపీటీ కాపీ చేశారు, శబ్దాలు ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి.

కొత్త పవర్‌పాయింట్‌లో ఫైల్ మెనూలో ఇన్ఫో తెరిస్తే, కుడివైపు కింద "ఎడిట్ లింక్స్ టు ఫైల్స్" కనిపిస్తుంది. అందులో ఏ డ్రైవ్, ఏ ఫోల్డర్ అన్నది రాసి ఉంటుంది. మై డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ చూపించింది. ఆ కంప్యూటర్ ఉప్పల్‌లో బాబాయి వాళ్లింట్లో అటక మీద ఉంది, పాతసామాన్లకి వేయాలని రెండుసార్లు కిందికి దించి, బేరం కుదరక మళ్లీ పైకెక్కించారట. ఆన్ కాలేదు. హార్డ్‌డిస్క్ విప్పి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపితే తెరుచుకుంది. 12లో 11 వేవ్ ఫైళ్లు దొరికాయి. ఒకటి సున్నా బైట్లు చూపించింది. ఏ రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనూ రాలేదు. ఆ శ్లోకం చోట ఇప్పుడు వాళ్ల అమ్మమ్మ చదివింది ఉంది. శ్లోకం మాత్రమే, వ్యాఖ్యానం లేదు. "ఆయన దీనికి ఏం చెప్పారో నాకు గుర్తులేదమ్మా" అందట ఆవిడ, ఊరికే ఏదో చెప్పడానికి ఒప్పుకోలేదు.

మీ ఇంట్లో 2010కి ముందు చేసిన పీపీటీ, పీపీఎస్ ఫైళ్లు ఉంటే ఇవాళే ఒకసారి తెరిచి, శబ్దం వస్తోందా అని చూడండి. అది కూడా అసలు కంప్యూటర్‌లో కాదు, పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి. అసలు దాంట్లో ఎలాగూ మోగుతుంది, లింక్ అక్కడే ఉంది కాబట్టి.

కొన్ని చిల్లర విషయాలు

స్లయిడ్లలో ఎవరి గొంతు ఉందో చూసుకోండి. చాలామంది ఘంటసాల గారి భగవద్గీతని వెనకాల పెట్టుకుంటారు. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న వెళ్లిపోయారు, గీత ఆయన చివరి రోజుల్లో పాడినది. మన దేశంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే అది ఇంకా హక్కుల్లోనే ఉంది. ఇంట్లో వినడం వేరు, స్లయిడ్లలోంచి తీసి మన ఛానెల్‌లో ఎక్కించడం వేరు. (ఆ గీతని మనవాళ్లు చావు ఇంట్లో వినే పాటగా మార్చేయడం మాత్రం నాకు ఎప్పుడూ బాధే. పొద్దున్నే మెట్రోలో వినండి, ఏం కాదు.)

ఎంపీ3 పేర్లు గుడి యాంప్లిఫైయర్‌కైతే అంకెలతో మొదలుపెట్టండి, 001 నుంచి. 108 ఉన్నప్పుడు 01 సరిపోదు, మూడంకెలు కావాలి. తెలుగు అక్షరాల్లో పేరు పెడితే చిన్న తెర మీద డబ్బాలు కనిపిస్తాయి, కొన్ని యంత్రాలు ఆ ఫైల్‌ని వదిలేస్తాయి కూడా. ఫోన్ కోసం వేరే కాపీకి తెలుగు పేర్లు హాయిగా పెట్టుకోండి.

వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, పేరు మారకుండా వెళ్తుంది. ఎంపీ3 చేశాం కదా అని అసలు పీపీటీఎక్స్, అసలు ఎమ్4ఏ, వేవ్ ఫైళ్లు తీసేయకండి. రెండు చోట్ల పెట్టండి, ఆ రెండూ ఒకే బీరువాలో ఉండకూడదు. ఆ పీపీఏఎంని కూడా ఉంచుకోండి, 80 కేబీయే కదా. తాతగారి స్లయిడ్లు ఎప్పుడైనా ఆయన పెట్టుకున్న టైమింగ్ ప్రకారం మార్చాలనిపిస్తే పనికొస్తుంది, కాకపోతే నమ్మకమైనవాళ్లకి చూపించాకే పవర్‌పాయింట్‌లో లోడ్ చేయండి.

వచ్చే వారం వీడియోలో ఆడాసిటీలో 12 ముక్కల్ని ఒకే ఫైల్‌గా కలపడం, మధ్యలో రెండు సెకన్ల విరామం పెట్టడం చూపిస్తాం. ఉప్పల్ రింగ్ రోడ్డు వైపు ఉన్నవాళ్లు ఎవరైనా పాత హార్డ్‌డిస్క్ కలిపే కేబుల్ కోసం వెతుకుతుంటే, సాటా టు యూఎస్‌బీ అని అడగండి. మీ కంప్యూటర్ మరీ పాతదైతే దానికి ఐడీఈ కేబుల్ కావాలి. డిస్క్ వెనక సన్నటి బద్దలా ఉంటే సాటా, రెండు వరుసల్లో సూదుల్లాంటి పిన్నులుంటే ఐడీఈ.